రశీదులో మొదటి పేరు

చెల్లాయికి చిన్నన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, కొట్లో అమ్ముడుపోని పుస్తకాలూ అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని రాశావు గానీ, అక్షరాలు వంగిన తీరు చూస్తే నాకంత నమ్మకం కలగలేదు.

పెద్దన్నయ్య ఊసెత్తకుండా ఈ ఉత్తరం రాద్దామని చూసి రెండు కాగితాలు పాడుచేశాను. నా వల్ల కాలేదు. నీ బడి చదువు ముగిసిన రోజు గుర్తుందా? వంటింటి గుమ్మంలో నిలబడి, నాకు ఉద్యోగం రాగానే దీన్ని నర్సు చదువులో చేర్పిస్తానమ్మా అని అమ్మకి మాటిచ్చాడు. నేను పక్కనే కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాను. నువ్వు సిగ్గుపడి పెరట్లోకి పారిపోయావు. తర్వాత ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో ఆయనగారి చేతికి గడియారం వచ్చింది. ఆ తర్వాత సైకిలు, ఆ తర్వాత పెళ్ళి, ఆ తర్వాత ఇల్లు. నీ చదువు మాత్రం రాలేదు. నర్సువై తెల్లబట్టలు కట్టుకోవలసినదానివి, ఆసుపత్రిలో నర్సుల తెల్లబట్టలు ఉతికి ఇస్త్రీ చేసే గదిలో చేరి, రిటైరయ్యేదాకా ఆ ఆవిరిలోనే ఉన్నావు. నేనీ మాట ఎత్తినప్పుడల్లా "పోనీలే అన్నయ్యా" అంటావు. ఒళ్ళు మండిపోతుంది నాకు ఆ మాట వింటే.

సరే, నీ ఉత్తరం బల్ల మీద పరిచి పెట్టుకునే రాస్తున్నాను, ఏ ప్రశ్నా జారిపోకుండా. నా దగ్గు తగ్గింది. కొట్టు ముందు మురుగు కాలవ బాగుచేయలేదు, చేయరు కూడా. మునిసిపాలిటీకి నేను పెట్టుకున్న అర్జీలన్నీ కలిపి బైండు చేయిస్తే నా కొట్లో అన్నిటికన్నా లావుపాటి పుస్తకం అదే అవుతుంది. మా వీధిలో గడియారాల రిపేరు కొట్టు మీద గది ఇంకా ఖాళీగానే ఉంది. నువ్వు అసలు అడగాలనుకున్నది ఇదేనని, దగ్గు సంగతి మర్యాదకి ముందు పెట్టావనీ నాకు తెలుసు.

నెలాఖరుకి ఆసుపత్రి క్వార్టర్సు ఖాళీ చేయాలి. పెద్దన్నయ్య తన ఇంటి వెనక గదిలో ఉండమంటున్నాడు. ఆ గది నేను చూశాను. దానికి కిటికీ లేదు, వంటింట్లోకి తలుపు మాత్రం ఉంది. ఇంటిల్లిపాదీ తిన్న గిన్నెలు ఆ తలుపులోంచే నీ దగ్గరికి వస్తాయి. నీకేమో మా వీధి గది మీద మనసు. నీ డిపాజిట్ మీద వచ్చే వడ్డీ ఆ గది అద్దెకి సరిపోతుంది, బ్యాంకు వాళ్ళు పన్ను కింద కోయకుండా ఉంటే. కోశాక చాలదు. నీ పింఛను తిండికీ మందులకీ పోతుంది, అందులోంచి తీయడానికేమీ లేదు. కోత లేకుండా ఉండే దారేదైనా ఉంటే చెప్పమన్నావు, లేకపోతే పెద్దన్నయ్య ఇంటికే వెళ్ళిపోతానన్నావు. సోమవారంతో డిపాజిట్ గడువు తీరిపోతుందనీ, ఇస్త్రీ గదిలో నీతో పనిచేసినావిడ మొత్తం తీసేసి ట్రంకు పెట్టెలో దాచుకో, అప్పుడెవడు కోస్తాడో చూద్దాం అంటోందనీ రాశావు.

ఆవిడకి నా మాటగా ఒకటి చెప్పు. వెనకటికి కొన్ని రాజ్యాల్లో ఇంటి కిటికీల మీద పన్ను వేశారు. ఎన్ని కిటికీలుంటే అంత పన్ను. జనం ఏం చేశారు? ఇటుకలు పెట్టి కిటికీలు మూసేసుకుని చీకట్లో కూర్చున్నారు. పన్ను తప్పింది, వెలుతురూ తప్పింది. ట్రంకు పెట్టెలో డబ్బు పెట్టుకోవడం కూడా అలాంటిదే. అక్కడ వడ్డీ ఉండదు కాబట్టి పన్ను ఉండదు, నిజమే. కానీ అద్దె కట్టడానికి కూడా ఏమీ ఉండదు.

ఇక నీ భయం. వాళ్ళు నీ అసలు డబ్బులోంచి కోయడం లేదు తల్లీ. నువ్వు దాచుకున్నదాని జోలికి ఎవరూ రారు. అది పెట్టిన పిల్లలు, అంటే వడ్డీ, ఆ ఏడాది నీ ఆదాయం కింద లెక్క. నీ పింఛనూ ఈ వడ్డీ కలిపి ప్రభుత్వం గీసిన గీత దాటితేనే నువ్వు పన్ను కట్టాలి. వయసు పైబడినవాళ్ళకి ఆ గీత ఇంకాస్త ఎత్తులో గీస్తారు. నువ్వు దాన్ని దాటడం మాట అటుంచు, మెడ ఎత్తి చూసినా నీకది కనిపించదు. అంటే నువ్వు కట్టాల్సిన పన్ను సున్నా.

మరి కోత ఎందుకంటావా? మీ ఇస్త్రీ గదిలో కొత్తగా చేరినవాళ్ళ జీతంలో దుప్పట్లు పోతే సరిపెట్టుకోవడానికని ముందే కొంత పట్టి ఉంచేవారని నువ్వే చెప్పావు. ఏడాది చివర లెక్క చూసి, ఏ దుప్పటీ పోకపోతే తిరిగిచ్చేసేవారు. ఇదీ సరిగ్గా అంతే. వడ్డీ ఒక హద్దు దాటిందంటే చాలు, నీ మొత్తం ఆదాయమెంతో బ్యాంకుకి తెలీదు కాబట్టి, ఎందుకైనా మంచిదని పదికి ఒకటి చొప్పున పక్కకి తీసి ప్రభుత్వానికి కట్టేస్తుంది. అది ముందుగా పట్టి ఉంచిన డబ్బు, అంతే. ఏడాది తిరిగాక ఆదాయం లెక్క రాసి దాఖలు చేస్తే, పన్ను లేనివాళ్ళకి అది తిరిగొస్తుంది. అసలు పట్టుకోకుండా ఉండాలంటే ఇంకో దారి ఉంది. ఏడాది మొదట్లోనే, నా ఆదాయం గీత దాటదు, కోయకండి అని బ్యాంకుకి రాసి ఇవ్వాలి. ఏటా ఇవ్వాలి, డబ్బున్న ప్రతి బ్యాంకుకీ ఇవ్వాలి, నిజమైతేనే ఇవ్వాలి. నీ విషయంలో నిజమే. దాంతోపాటు నీ టాక్సు నంబరు ఉందో లేదో చూసుకో. అది ఇవ్వకపోతే కోత ఇంకా పెరుగుతుంది.

డబ్బుని ముక్కలు చేసి నాలుగు బ్యాంకుల్లో పెడితే తెలీదు కదా అని అడిగావు. తెలుస్తుంది. అన్నీ ఆ నంబరు కిందకే వెళ్ళి చేరతాయి. వడ్డీ చేతికి తీసుకోకుండా అక్కడే వదిలేస్తే పన్ను పడదు కదా అనీ అడిగావు. పడుతుంది. నువ్వు తీసుకున్నా తీసుకోకపోయినా ఏటికేడు పెరిగింది ఏటికేడు లెక్కలోకి వస్తుంది. ఇవన్నీ నీకు ఇంత దర్జాగా చెబుతున్నానంటే, ఒక రిటైరైన పన్నుల ఆఫీసరు తన పుస్తకాలన్నీ నాకు తూకానికి అమ్మేసిపోయాడు. అందులో పన్నుల చట్టం మీద ఒక మహాగ్రంథం ఉంది. కొనే నాథుడు లేక బల్ల కాలి కింద ఎత్తుకి పెట్టుకున్నాను. నీ ఉత్తరం వచ్చాక తీసి చదివాను. చెత్త రాసినవాళ్ళని చాలామందిని చూశాను గానీ, ఒక వాక్యంలో మూడు "అయితే"లూ రెండు "కాని పక్షంలో"లూ పెట్టి కూడా కర్త ఎవరో చెప్పకుండా ముగించగలిగినవాణ్ణి ఇతన్నే చూశాను. చదివేసరికి నాకు తల తిరిగింది. బల్ల అప్పట్నుంచీ ఊగుతూనే ఉంది, ఈ ఉత్తరంలో నా చేతిరాత బాగాలేకపోవడానికి అదీ ఒక కారణం.

ఇంతవరకూ చదివి నువ్వు ఒకటి అడగాలి. అడుగుతావు కూడా, తెలివైనదానివి. నాకు పన్ను లేదు సరే, పట్టి ఉంచింది తిరిగి వచ్చేదైతే ఇన్నేళ్ళు కోసింది ఏమైంది అని.

నాకూ అదే అనుమానం వచ్చింది. అందుకే డిపాజిట్ రశీదు మీద ఉన్నది ఉన్నట్టు రాసి పంపమన్నాను. నువ్వు పంపావు. పేర్లున్న వరసలో పెద్దన్నయ్య పేరు రాసి, దాని కింద నీ పేరు రాశావు. మొదటిసారి చదివినప్పుడు నా కళ్ళకి తప్పేమీ ఆనలేదు. ఎలా ఆనుతుంది? మన ఇంట్లో ఎప్పుడైనా ఇంకోలా రాశామా? నాన్న పోయాక వీధి తలుపు మీద పెద్దన్నయ్య పేరు. పేపరు ముందు ఆయన చదవాలి. నువ్వు ఆసుపత్రిలో చేరడానికి వెళ్తుంటే నీ ట్రంకు పెట్టె మీద కూడా పైన ఆయన పేరు రాయించి, కింద నీ పేరు రాయించింది అమ్మ. ఆసుపత్రివాళ్ళు ఆ పెట్టెని మగవాళ్ళ గదుల్లోకి పంపేస్తే రెండు రోజులు కట్టుబట్టలతో ఉన్నావు కదా. పెద్దవాడి పేరు పైనుంటే మంచిదని ఆవిడ నమ్మకం. ఎవరికి మంచిదో ఎప్పుడూ చెప్పలేదు.

రెండోసారి చదివినప్పుడు పెన్ను కింద పెట్టి, నీ డిపాజిట్ ఉన్న ఇక్కడి బ్యాంకుకే నడిచి వెళ్ళాను. కౌంటర్లో ఒక అమ్మాయి ఉంది. తాతగారూ అని పిలిచింది. నాకు నచ్చలేదు గానీ, పని ఉంది కదా అని ఊరుకున్నాను. నా ప్రశ్న సగంలోనే ఆపి, మొదటి పేరు ఎవరిదండీ అంది. మా అన్నయ్యది, డబ్బు మాత్రం మా చెల్లెలిది అన్నాను. "డబ్బు ఎవరిదో మాకు తెలీదండీ. బ్యాంకుకి మొదటి పేరే మనిషి. రెండో పేరు తోడు" అంది.

వడ్డీ మొత్తం మొదటి పేరు వాళ్ళ నంబరు మీద రాస్తారట. కోసిన పన్ను కూడా వాళ్ళ పేరునే జమ అవుతుందట. కోయవద్దని రాసి ఇవ్వాలన్నా మొదటి పేరు వాళ్ళే ఇవ్వాలట. నువ్వు ఎన్ని కాగితాలు ఇచ్చినా అక్కడ పని జరగదు. మీ దుప్పట్ల డబ్బు పక్కవాళ్ళ పేరున రాసి ఉంటే, ఏడాది చివర ఎవరి చేతికి వచ్చి ఉండేది? అదీ జరిగింది.

పెద్దన్నయ్య కూడా రిటైరైనవాడే. సొంత డిపాజిట్లు కొన్ని ఉన్నాయి. లెక్కలు రాసే మనిషిని పెట్టుకుని ఏటా ఆదాయం దాఖలు చేస్తాడు. ఆయన వయసుకీ ఆదాయానికీ ఆయనకీ పన్ను పడదు, నీ వడ్డీ కలిపినా పడదు. కాబట్టి కోసినదంతా ఏటా ఆయన ఖాతాలోకి తిరిగి వచ్చింది. ఆయన దానిమీద కోసింది ఆయనకి వచ్చింది, నీ దానిమీద కోసింది కూడా ఆయనకే వచ్చింది. నువ్వేమో ప్రభుత్వం తినేసిందని అనుకుంటూ ఉన్నావు. జీవితంలో నేను ప్రభుత్వాన్ని తిట్టని రోజు లేదు, అయినా ఈ ఒక్క విషయంలో దాని తప్పేమీ లేదని రాయాల్సి వస్తోంది.

ఇక్కడితో ఆపి, సోమవారం ఏం చేయాలో రాసి ముగిస్తే నువ్వు సంతోషించేదానివి. కానీ ఒకటి దాచాను. నీ కిందటి ఉత్తరం చివర గీత గీసి మరీ రాశావు, ఇదేదీ పెద్దన్నయ్యతో అనకు, ఉన్న ఆ కాస్త మాటలూ పోతాయి అని. అననని నేను నీకు మాటివ్వలేదు, అది గమనించు. మొన్న మంగళవారం కొట్టుకి తాళం వేసి, బస్సెక్కి, వాళ్ళింటికి వెళ్ళాను.

అమ్మ పోయాక ఆ గడప తొక్కలేదు నేను. తలుపు ఆయనే తీశాడు. బాగా వంగిపోయాడు, చెవిలో మిషను పెట్టుకున్నాడు.

"దారి తప్పావా?" అన్నాడు.

"లేదు. దారి బాగా తెలుసు కాబట్టే ఇన్నాళ్ళూ రాలేదు" అన్నాను.

నవ్వాడు. ఆ నవ్వు మాత్రం మారలేదు, అందుకు కూడా నాకు కోపమే. లోపల కూర్చోబెట్టాడు. సోఫాకి కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగులు ఇంకా అలాగే ఉన్నాయి, కూర్చుంటే కిర్రుమంటాయి. టీవీ ఊరంతా వినేట్టు పెట్టాడు. ఈమధ్య ఏం అమ్ముతున్నావురా అని అడిగాడు. జనం చదవనివన్నీ అని చెప్పాను. వదిన వచ్చి పలకరించి, ఎంత చిక్కిపోయావయ్యా మరిదీ అని, టీ పెట్టడానికి వెళ్ళింది.

నేను ఊరికే ఊళ్ళోవాళ్ళ కబుర్లు చెప్పడానికి రాలేదని ఆయనకి తెలుసు. చెల్లాయి డిపాజిట్ గడువు సోమవారం తీరుతోంది, ఈసారి దాని పేరు మీదే పెట్టించాలి, నువ్వు వచ్చి సంతకం పెట్టాలి అన్నాను. దానికేం, పెడదాంలే అన్నాడు. ఎందుకు పేరు మార్చాలో అడగలేదు. నేనే చెప్పాను. మొదటి పేరు సంగతి, జమ సంగతి, తిరిగొచ్చే సంగతి, అంతా చెప్పాను. ఆయన రిమోటు తీసుకుని ఛానళ్ళు మార్చడం మొదలుపెట్టాడు.

"నాకేం తెలీదురా. అన్నీ ఆ లెక్కలాయనే చూసుకుంటాడు. నేను సంతకం పెడతానంతే" అన్నాడు.

తెలీదంటే నేనేం చేయను? తెలీదు అన్న మాట మీద కోర్టులే ఆగిపోతాయి. సరే, తెలీకపోతే ఇప్పుడు తెలిసింది కదా అని, ఇన్నేళ్ళదీ లెక్క కట్టించి ఇచ్చేయమన్నాను. ఆయన మళ్ళీ ఛానలు మార్చాడు. టీవీలో ఎవరో ఏదో సబ్బు అమ్ముతున్నారు. వదిన టీ పట్టుకొచ్చింది. అప్పుడు అన్నాడు:

"అయినా అదెంతనిరా? నాదానిమీద వచ్చేదాంట్లో పావు కూడా ఉండదు."

వదిన కప్పులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"తెలీదన్నారుగా" అంది.

అంతే అంది చెల్లాయ్. గొంతు పెంచలేదు. నేను బస్సులో కూర్చుని దారి పొడుగునా తయారుచేసుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. మంచి మంచి మాటలు, కొన్ని చరిత్రలోంచి ఏరుకున్నవి కూడా. ఒక్కటీ అవసరం పడలేదు. ఆవిడ కప్పులు బల్ల మీద పెట్టి, రిమోటు ఆయన చేతిలోంచి తీసుకుని, టీవీ ఆపేసింది.

ఆయన చెవి మిషను సర్దుకుంటూ చెప్పుకొచ్చాడు. డిపాజిట్ వేయడానికి వెళ్ళిన రోజు ముందు నీ పేరే రాయమని ఆయనే అన్నాడట. పక్కనున్న అమ్మ ఒప్పుకోలేదట. పెద్దవాడు బతికుండగా ఆడపిల్ల పేరు పైనా అందట. గుమాస్తా నవ్వి, పెద్దావిడ మాట కాదనకండి సార్ అన్నాడట. నేను నమ్మాను. అది అచ్చంగా అమ్మ మాటే. నువ్వు ఆ పక్కనే బెంచీ మీద కూర్చుని ఉండి ఉంటావు, నీకూ వినబడే ఉంటుంది, నీకందులో వింతేమీ అనిపించి ఉండదు.

"అది నన్ను ఒక్కసారైనా అడిగిందా?" అన్నాడు చివరికి.

"అడగాలంటే దానికి తెలియాలి కదా" అన్నాను.

వదినే అందుకుంది. సోమవారం ఆయన్ని తాను తీసుకొస్తానంది, కాళ్ళ నొప్పులంటే బండి పిలుస్తానంది. ఇన్నేళ్ళ డబ్బు సంగతి ఎత్తితే, కుదిరినప్పుడు ఇస్తాలే అని ఆయన గొణిగాడు. "కుదురుతుంది" అంది వదిన. లెక్కలాయనకి నా ఎదురుగానే ఫోను చేసి, మొదటి ఏడాది నుంచీ మా ఆడపడుచు డిపాజిట్ మీద ఎంత కోశారో విడిగా రాసి శనివారానికి ఇవ్వమంది. ఆవిడంటే నాకు మంచి అభిప్రాయం ఉండేది కాదు. ఆ గదికి వంటింట్లోకి తలుపు పెట్టించింది ఆవిడేనని నా అనుమానం. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. నన్ను వీధి గుమ్మం దాకా సాగనంపి, "దాన్ని ఆ వెనక గదికి రానివ్వకు మరిదీ, వస్తే నేనే పని చెప్తాను, నా సంగతి నాకు తెలుసు" అంది. ఇలాంటి నిజం నేను పుస్తకాల్లో కూడా అరుదుగా చదివాను.

సోమవారం ఏం చేయాలో జాగ్రత్తగా విను. గడువు తీరాక ఎవరూ ఏమీ చెప్పకపోతే బ్యాంకు తనంత తానే దాన్ని అవే పేర్లతో మళ్ళీ డిపాజిట్ చేసేస్తుంది. కథ మళ్ళీ మొదటికి వస్తుంది. కాబట్టి ఆ రోజు పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరు. బస్టాండులో నేనుంటాను. రశీదూ, నీ టాక్సు నంబరు కార్డూ, బ్యాంకు పాసుపుస్తకం తెచ్చుకో. పాతదాన్ని ముగించడానికి మీ ఇద్దరి సంతకాలూ కావాలి. ఆ డబ్బు నీ ఒక్కదాని ఖాతాలో వేయించి, అందులోంచి నీ ఒక్కదాని పేరున కొత్త డిపాజిట్. రెండో పేరు వద్దు. నా పేరు అసలే వద్దు, ఎంత ప్రేమ పొంగినా. నీ తర్వాత ఎవరికి చేరాలో రాయడానికి వేరే గడి ఉంటుంది, అందులో ఎవరి పేరు రాసుకుంటావో నీ ఇష్టం, దానికీ పన్నుకీ సంబంధం లేదు. వడ్డీ నెలనెలా చేతికొచ్చేట్టు అడుగు. ఆ వెంటనే, అక్కడే, కోయవద్దని రాసిచ్చే కాగితం అడిగి తీసుకుని నింపు. ఈ ఒక్కసారికి నేను పక్కన కూర్చుని చెబుతాను. వచ్చే ఏడాది నుంచీ నువ్వే నింపుకోవాలి, మరిచిపోతే కోస్తారు. కోసినా కంగారు పడకు, ఈసారి అది నీ పేరునే జమ అవుతుంది, దాఖలు చేసి తెచ్చుకుంటాం.

గుమాస్తా ఎవరైనా, మొదటి పేరు ఎవరిదమ్మా అని అడుగుతారు. నువ్వు అలవాటుగా వెనక్కి తిరిగి మా ఇద్దరిలో ఎవరివైపో చూస్తావు. చూడకు. నీ పేరు గట్టిగా చెప్పు. ఇంటి దగ్గర ఒకటి రెండుసార్లు అద్దం ముందు చెప్పుకుని చూడు. నవ్వుకో, ఫరవాలేదు.

ఇంకో తప్పు కూడా చేశాను. నిన్న పొద్దున గడియారాల కొట్టాయన భార్యని కలిసి, మా చెల్లెలు ఒకటో తారీకున దిగుతోందని చెప్పేశాను. నిన్ను అడగకుండానే. ఆవిడ ఇంకెవరికో ఇవ్వబోతుంటే నోరు జారింది. ఇప్పుడు నువ్వు రాకపోతే ఆవిడ నన్ను ఆ గదిలో కూర్చోబెట్టి అద్దె వసూలు చేసేట్టుంది, అంత గట్టిది. గది మళ్ళీ పైకెక్కి చూశాను. మెట్లకి ఇనప పిడి ఉంది, నీ మోకాళ్ళకి పనికొస్తుంది. ఒక పెద్ద కిటికీ వీధివైపు, ఒక చిన్న కిటికీ పెరటివైపు. సున్నం కొత్తగా వేయించింది. కుళాయి బయట వరండాలో, కానీ నీకొక్కదానికే. గోడకి బట్టలు ఆరేసుకోవడానికి తీగ ఉంది. నువ్వు నవ్వి, ఇంకా బట్టలేనా అన్నయ్యా అంటావని నాకు తెలుసు. నీ సొంత బట్టలు మాత్రమే ఆరేసుకోవచ్చు. కింద కొట్లో గోడ నిండా రిపేరుకొచ్చిన గడియారాలు, ఒక్కటీ ఇంకోదానితో ఏకీభవించదు. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళని ఆలస్యమైందని ఎవరూ దబాయించలేరు.

నీ వడ్డీ అద్దెకి సరిపోతుంది. రెండుసార్లు కట్టి చూశాను, నా లెక్కల మీద నాకు నమ్మకం లేక ఆ బ్యాంకమ్మాయి చేత కూడా కట్టించాను. కోత లేకపోతే అద్దె పోను నెలకి కాస్త మిగులుతుంది కూడా. పెద్ద మొత్తమేం కాదు. నెలకోసారి సినిమాకి వెళ్ళొచ్చు, లేదా నా కొట్లో ఒక పుస్తకం కొనుక్కోవచ్చు. నీకు తగ్గించి ఇవ్వను, చెబుతున్నాను. తిరిగొచ్చే పాత డబ్బుతో ఏం చేయాలో నువ్వే ఆలోచించుకో. మంచమూ పరుపూ కొనుక్కో. ఇంతకాలం ఇనప మంచాల మీదే పడుకున్నావు.

ఈ ఉత్తరం శనివారంలోగా అందాలని ఎక్కువ స్టాంపులు అంటించి పంపుతున్నాను. అందగానే వస్తున్నానని పక్క కొట్టు ఫోనుకి ఒక్క మాట చెప్పు.

పెద్దన్నయ్య మీద మనసులో ఏమీ పెట్టుకోకని నువ్వు రాస్తావు. సోమవారం బ్యాంకులో ఆయన పక్కన కూర్చుంటాను, మాట్లాడతాను, టీ ఇప్పిస్తే తాగుతాను. అంతవరకూ హామీ ఇవ్వగలను. కానీ తప్పెవరిదని అడిగితే ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు. వదిన లెక్కలాయనది అంటుంది. బ్యాంకమ్మాయి ఆనాటి గుమాస్తాది అంటుంది. ఆయన అమ్మది అంటాడు. అమ్మకి అక్షరం ముక్క రాదు. పెద్దవాడి పేరు గొడుగులాంటిదనుకుంది, ఒక్కసారి చెప్పింది, ఇంటికొచ్చి మరిచిపోయింది. నేను ఆవిణ్ణి ఏమీ అనలేను. ఏటా ఖాతాలో డబ్బు పడినప్పుడు అందులో ఎంత నీదో, పావుకి ఎంత తక్కువో, చదివి తెలుసుకుని కాగితం మడిచి పెట్టినవాడు ఒకడున్నాడు. నువ్వు క్షమించెయ్యి, నీ మనసు పెద్దది. నేను మాత్రం ఈ రోజుకీ తప్పు పట్టేది పెద్దన్నయ్యనే.

ఇట్లు,
సోమవారం బస్టాండులో నీకోసం కాచుకుని ఉండే
నీ చిన్నన్నయ్య